ఆకలికి రుచి తెలుసు

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని తెలుగులో ఒక సామెత. వాచకాల్లో కనపడుతుంది, పరీక్షల్లో అర్థం రాయమని అడుగుతారు. నిద్ర సంగతిలో నాకు పేచీ లేదు. పగలంతా పోడులో పని చేసి వచ్చినవాడు రాతి మీదైనా పడుకుంటాడు. మొదటి సగంతోనే నా తగువు. ఇరవై ఏళ్ళుగా ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెబుతున్నాను. ఆకలితో బడికి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. వాళ్ళకు రుచి తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఈ సామెత ఆకలిగొన్నవాడు పుట్టించింది అయ్యుండదు. కడుపు నిండినవాడు ఎదుటివాడి ఆకలిని చూసి అన్న మాట అయ్యుంటుంది. ఈ మాట ఒకసారి నమ్మితే చాలా పనులు సులువైపోతాయి. ఆకలిగా ఉన్నవాడికి ఏది పెట్టినా చెల్లుతుంది. పురుగు పట్టిన పప్పు చెల్లుతుంది. రాళ్ళ బియ్యం చెల్లుతుంది. వాడి నేలలో వాడికి నచ్చని విత్తనం వేయించినా చెల్లుతుంది. ఒక హాస్టల్లో అన్నం ముక్కిన వాసన వస్తోందని పిల్లలు చెబితే, "ఇంటి దగ్గర ఏం తింటున్నార్రా, దుంపలేగా!" అని గదిమిన మాట నేను చెవులారా విన్నాను. ఎవరన్నారన్నది ముఖ్యం కాదు. ఆ మాట మన చుట్టూ గాలిలో ఉంది, ఎవరైనా అనగలరు.

దుంపలు తినేవాళ్ళకు నాలుక ఉండదన్నది ఆ మాట వెనక ఉన్న నమ్మకం. దాన్ని కాదనడానికి సాక్ష్యం మన ఊళ్ళ నుంచి తేవచ్చు. కానీ మనం చెబితే "మీ గొప్పలు మీరు చెప్పుకుంటున్నారు" అంటారు. అందుకని ఆఫ్రికా నుంచి తెస్తాను. అక్కడ దుంప కొండవాళ్ళ తిండి మాత్రమే కాదు, దేశాలకు దేశాలు తినే తిండి. కర్ర పెండలం పండించడంలో ప్రపంచంలో నైజీరియాదే మొదటి స్థానం, ఏడాదికి సుమారు 6 కోట్ల టన్నులు. పెండలం దుంపల్లో ప్రపంచం మొత్తం పంటలో 90 శాతానికి పైగా పశ్చిమ ఆఫ్రికాలోనే పండుతుంది: నైజీరియా, ఘనా, కోట్ డివార్, బెనిన్, టోగో. అక్కడ మంత్రి తినేదీ దుంపే, రిక్షావాడు తినేదీ దుంపే. నేను టీటీసీ చదివిన మాస్టారిని, శాస్త్రవేత్తను కాను, ఆఫ్రికా చూసినవాణ్ణీ కాను. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

కర్ర పెండలం పుట్టింది ఆఫ్రికాలో కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో అక్కడికి వచ్చింది, మనకు మిరపకాయ వచ్చినట్టే. తెచ్చినవాళ్ళు మొక్కను తెచ్చారు. దానితో ఏం చెయ్యాలో ఊరూరా ఆడవాళ్ళు తేల్చుకున్నారు. అలా తేల్చుకున్న వాటిలో గారి ఒకటి. (మన గారె కాదు, పేరు కలిసిందంతే.) దుంప చెక్కు తీసి, కడిగి, తురుముతారు. తురుమును సంచుల్లో కట్టి, పైన బరువు పెట్టి నీళ్ళు పిండేస్తారు. ఆ సంచిలోనే అది పులుస్తుంది. తరవాత జల్లించి, వెడల్పు పెనం మీద కలుపుతూనే ఉండి వేయిస్తారు. పొడిపొడిగా రవ్వలా అవుతుంది, నెలల తరబడి నిలవుంటుంది.

ఇంతవరకూ అందరికీ ఒకటే. రుచి దగ్గరే తేడాలు మొదలవుతాయి. నైజీరియా నైరుతి వైపు ఉండే యోరుబా జనానికి గారి పుల్లగా ఉండాలి, అందుకని ఎక్కువ రోజులు పులియబెడతారు. వాళ్ళలో ఇజెబు ప్రాంతపు గారి పులుపుకి పెట్టింది పేరు. చల్లటి నీళ్ళలో పోసుకుని, చక్కెర, వేరుశనగ పలుకులు వేసుకుని తాగుతారు. నీళ్ళలో పడ్డాక కూడా కాసేపు పంటి కింద కరకరలాడాలి, వెంటనే మెత్తబడిపోతే అది గారి కాదు. ఆగ్నేయం వైపు ఇగ్బో జనం దగ్గరికి వెళ్తే అంత పులుపు వాళ్ళకు గిట్టదు. తక్కువ పులియబెడతారు, ఎర్రటి పామాయిలు చుక్క వేస్తారు, పసుపు రంగు వస్తుంది. దాన్ని వేడినీళ్ళలో వేసి గట్టి ముద్ద చేస్తే ఎబా. మన చోడి సంకటి ముద్దలాగే చేత్తో తీసి, పులుసులో అద్ది మింగుతారు. సంతలో గారి కొనే ఆడమనిషి గుప్పెట్లోకి తీసుకుని పొడిగా ఉందో లేదో చూస్తుంది. నోట్లో వేసుకుని పులుపు చూస్తుంది. నీళ్ళు పోస్తే ఎంత ఉబ్బుతుందో చూస్తుంది, మంచి గారి మూడింతలు ఉబ్బాలని లెక్క. పేద ఇంటికి ఆ లెక్క ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఒక గిన్నె గారితో ఎంతమంది కడుపు నిండుతుందో అందులో తెలుస్తుంది. ఈ మనిషికి ఆకలి ఉంది, రుచీ తెలుసు. రెండూ ఒకే చేతిలో, ఒకే గుప్పెట్లో ఉన్నాయి.

కోట్ డివార్ సముద్రపు కాలువల దగ్గరి జనం అదే దుంపతో అచెకే చేస్తారు. తురుముతో పాటు ముందే పులియబెట్టిన దుంప ముద్దను కలుపుతారు, మనం పాలకు తోడు పెట్టినట్టు. ఆ తోడును బట్టే అచెకే రుచి. పిండి, గింజలుగా చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆడవాళ్ళ పనితనాన్ని 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది. చేర్చకపోయినా అది తక్కువదేం కాదు, కానీ యునెస్కో ముద్ర పడితేగాని మన చదువుకున్నవాళ్ళు నమ్మరు కదా, అందుకని చెప్పాను.

పెండలం దగ్గరికి వస్తే ఇంకా పట్టింపు ఎక్కువ. ఉడికించిన పెండలాన్ని ఎత్తైన కర్ర రోట్లో రోకళ్ళతో దంచి చేసే ముద్దను యోరుబావాళ్ళు ఇయాన్ అంటారు. తెల్లగా ఉండాలి, ఒక్క ఉండ ఉండకూడదు, లాగితే సాగాలి, చేతికి అంటుకోకూడదు, కొంచెం తియ్యదనం తెలియాలి. ఇందుకు తెల్ల పెండలమే కావాలి. నీటి పెండలం అని ఇంకో జాతి ఉంది. కాస్త నాసి నేలలోనూ పెరుగుతుంది, బాగా నిలవుంటుంది. కానీ అక్కడ దానితో ఇయాన్ చేద్దామంటే ఆ సాగుడు రాదు. అయితే అది పనికిరాని దుంపా? అదే ఇజెబువాళ్ళు నీటి పెండలాన్ని తురిమి, చేపలూ మిరపకాయలూ వేసి ఇకోకోరే అని ఒక వంట చేస్తారు. దానికి తెల్ల పెండలం పనికిరాదు. కాబట్టి "మంచి రకం" అని ఎవరైనా అంటే వెంటనే "దేనికి మంచిది?" అని అడగాలి. రోటికా, కుండకా, పొయ్యి బూడిదలో కాల్చడానికా?

ఈ ప్రశ్న చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు. నా తగువు అక్కడే మొదలవుతుంది.

1967లో నైజీరియాలోని ఇబదాన్ పట్టణంలో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ పెట్టారు. ఇంకా ఎన్నో పరిశోధనా కేంద్రాలు వచ్చాయి. వాళ్ళు పనిచేయలేదని నేను అనను. కర్ర పెండలానికి ఆకులు ముడుచుకుపోయే మొజాయిక్ తెగులు వస్తుంది. దానికి తట్టుకునే రకాలు తయారు చేశారు. 1990ల్లో ఉగాండాలో ఆ తెగులు పొలాలకు పొలాలు తుడిచిపెట్టేసి జనాన్ని ఆకలికి గురిచేసినప్పుడు తెగులు తట్టుకునే రకాలే ఆదుకున్నాయి. నైజీరియాలో ఆ రకాలు విరివిగా పాకాయి కూడా. ఎందుకు పాకాయంటే అక్కడ దుంపను తురిమి గారి చేస్తారు కాబట్టి ఆ రకాలు దానికి కుదిరాయి. ఘనాలో కథ మారింది. అక్కడ కర్ర పెండలాన్ని ఉడికించి, పచ్చి అరటితో కలిపి రోట్లో దంచి ఫూఫూ చేస్తారు. నమలరు, మింగుతారు. కాబట్టి నున్నగా, సాగేలా రావాలి. 1993లో అక్కడ విడుదలైన మెరుగైన రకాలు దిగుబడిలో ముందున్నాయి, కానీ ఫూఫూకి దంచడానికి కుదరనివి వాటిలో ఉన్నాయి. ఎకరానికి ఎన్ని బస్తాలు వచ్చినా, రోట్లో కలవని దుంపను ఇల్లాలు ఏం చేసుకుంటుంది? ఉగాండాలోనూ తెగులు ఉద్ధృతి తగ్గిన చోట్ల రైతులు తమ పాత రకాలను వెతికి తెచ్చుకుని మళ్ళీ నాటారు.

ఉగాండాలోనే మటోకే అని పచ్చి అరటి వంట ఉంది. అరటి దుంప కాదని నాకూ తెలుసు, కానీ అక్కడి పరిశోధకులు దుంపల్నీ అరటినీ ఒకే గంపలో వేస్తారు. మటోకేని అరటాకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించి మెదుపుతారు. పసుపు రంగు రావాలి, మెత్తగా ఉండాలి. ఆకుమచ్చ తెగులును తట్టుకునే సంకర రకాన్ని 2010లో విడుదల చేస్తే, గెల పెద్దదే, తెగులూ రాదు, కానీ ఉడికిస్తే మటోకేలా లేదని జనం అన్నారు. అలా అన్నవాళ్ళ దగ్గర తిండి ఎక్కువై కాదు. తినేది రోజూ రెండు పూటలా అదే కాబట్టి.

రైతులు ఇలా కొత్త రకాన్ని పక్కన పెట్టిన ప్రతిచోటా ముందు వినపడే మాట ఒకటుంది: "రైతులకు అవగాహన లేదు." తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట మీకు కొత్తా? మన ఊళ్ళో ఎన్ని అవగాహన సదస్సులు చూశాం! టెంటు వేస్తారు, మైకు పెడతారు, ఎవరికి ఏం తెలియదో చెప్పి వెళ్ళిపోతారు. కూర్చున్నవాళ్ళకు ఏం తెలుసో అడిగే సదస్సు ఇంతవరకు నేను చూడలేదు. ఘనాలో రోలు ముందు కూర్చున్న మనిషికి దుంప గురించి అవగాహన లేదట. ఆ దుంపను ఎన్నడూ దంచని మనిషికి ఉందట.

చిలగడదుంప సంగతి వినండి, ఇది కొంచెం చిక్కుగా ఉంటుంది. ఆఫ్రికాలో చాలామంది పిల్లలకు విటమిన్ ఎ లోపం ఉంది, కంటిచూపు పోతుంది, జబ్బులు తట్టుకోలేరు. అక్కడ ఎక్కువగా తినేది తెల్ల కండ చిలగడదుంప, అందులో ఆ విటమిన్ ఇచ్చే రంగు పదార్థం లేదు. నారింజ రంగు కండ ఉన్న దుంపలో పుష్కలంగా ఉంది. అయితే నారింజ దుంప తినిపిస్తే సరి అనుకున్నారు. కానీ అమెరికా తరహా నారింజ దుంపలు నీరు ఎక్కువై, ఉడికిస్తే జావగా, మరీ తియ్యగా ఉంటాయి. తూర్పు ఆఫ్రికాలో పెద్దవాళ్ళకు చిలగడదుంప అంటే పొడిగా, పిండిపిండిగా, విరిస్తే విరిగేలా ఉండాలి. అది భోజనం, మిఠాయి కాదు. పిల్లలు మెత్తటివి తిన్నారు, పెద్దవాళ్ళు పక్కన పెట్టారు. పెద్దవాళ్ళు పక్కన పెట్టిన పంట పొలంలో ఎన్నాళ్ళుంటుంది?

ఇక్కడ కొందరు పరిశోధకులు తెలివైన పని చేశారు. జనాన్ని తిట్టకుండా దుంపను మార్చారు. స్థానికంగా నచ్చిన పిండి రకాలతో కలిపి, పొడిగా ఉండే నారింజ దుంపలు పెంచారు. ఉగాండాలో 2004లో విడుదల చేసిన నారింజ రకం ఎజుములా అయితే అక్కడి రైతుల చేతుల్లోనే ఉన్న నాటు రకం, దాన్ని గుర్తించి బయటికి తెచ్చారంతే. ఈ పనిలో ఉన్న కేప్ వెర్డే శాస్త్రవేత్త మరియా ఆండ్రాడే, ఉగాండా శాస్త్రవేత్త రాబర్ట్ మ్వాంగా, అమెరికాకు చెందిన జాన్ లో అనే ఆవిడ, పంటల్లోనే పోషకాలు పెంచాలని పట్టుబట్టిన హోవర్త్ బూయిస్, నలుగురికీ కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఆ బహుమతిలో పొడి దుంప కావాలని మొండికేసిన పేరులేని ముసలమ్మలకు కూడా వాటా ఉందని నా అభిప్రాయం. వాళ్ళు "ఏదో ఒకటి" అని సర్దుకుని తినేసి ఉంటే మంచి నారింజ దుంప పుట్టేదే కాదు.

రుచి అంటే నాలుక సరదా అనుకునేవాళ్ళకు చేదు కర్ర పెండలం గురించి చెప్పాలి. కర్ర పెండలంలో తియ్య రకాలు, చేదు రకాలు ఉంటాయి. చేదు రకంలో సయనైడ్ విషంగా మారే పదార్థం ఎక్కువ. మరి చేదుది ఎందుకు నాటుతారు? మలావీలో ఆడరైతులు చెప్పే కారణం ఏమిటంటే, తియ్య దుంపను అడవి పందులూ కోతులూ తవ్వుకుపోతాయి, దొంగలూ తవ్వుకుపోతారు, చేదు దుంప నేలలోనే భద్రంగా ఉంటుంది. మొగుడు లేని ఇంటికి చేదే కాపలా. దాన్ని ఎన్ని రోజులు నానబెట్టాలో, ఎలా పులియబెట్టాలో, ఎంత ఎండబెట్టాలో వాళ్ళకు తెలుసు. చేదు ఎంత మిగిలిందో నాలుక చివర పెట్టి చూసుకుంటారు. ఆ నాలుకే వాళ్ళ ప్రయోగశాల. 1981లో మొజాంబిక్‌లోని నంపులా ప్రాంతంలో కరువు వచ్చింది. తినడానికి చేదు దుంప తప్ప ఏమీ లేదు, నానబెట్టి ఆరబెట్టేదాకా ఆగే వ్యవధి లేదు. వెయ్యిమందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ, కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోయారు. ఆ జబ్బుకు వైద్యశాస్త్రంలో పేరు కోంజో. కాంగో ప్రాంతపు భాషలో కట్టేసిన కాళ్ళు అని దాని అర్థం.

మన సామెతను ఈ కరువు దగ్గర పెట్టి చూడండి. అక్కడ ఆకలి రుచిని మరిచిపోలేదు. దుంప చేదుగా ఉందని నాలుక చెబుతూనే ఉంది, కడుపు ఆగనివ్వలేదు. రుచి చూసి పారేసే హక్కు లేకుండా పోతే మనిషికి ఏమవుతుందో ఆ కాళ్ళు చెబుతాయి.

ఇది చదివినప్పుడు మన తూర్పు కనుమల్లో చేదు అడవి దుంపలను పలచగా కోసి, బుట్టలో వేసి, పారే గెడ్డ నీళ్ళలో ఉంచే పద్ధతి మీకు గుర్తు రాలేదా? బూడిద వేసి ఉడికించే పద్ధతి? మహాసముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు జనాలు ఒకరినొకరు చూడకుండానే ఒకే ఉపాయం కనిపెట్టారు. బడిలో సైన్సు పాఠం చెప్పేటప్పుడు నీళ్ళలో కరిగే పదార్థాలకు ఉప్పూ చక్కెరా ఉదాహరణ చెబుతాం. మాస్టార్లూ, టీచరమ్మలూ, గెడ్డలో నానబెట్టిన దుంప బుట్ట అంతకంటే మంచి ఉదాహరణ. పిల్లవాడి అవ్వ చేసే పని అని తెలిస్తే ఆ పాఠం వాడు జన్మలో మరవడు.

ఇప్పుడు పెద్ద సంస్థలకు రుచి గుర్తొచ్చింది. 2017లో ఫ్రాన్సుకు చెందిన సిరాడ్ సంస్థ నాయకత్వంలో, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, ఆర్‌టీబీ ఫుడ్స్ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. బెనిన్, కామెరూన్, కోట్ డివార్, నైజీరియా, ఉగాండా దేశాల్లో అయిదేళ్ళు నడిచింది. దిగుబడి ఉన్నా జనం కొత్త రకాలు ఎందుకు తీసుకోవడం లేదన్నది వాళ్ళ ప్రశ్న. ఈసారి ఊళ్ళకు వెళ్ళి, దుంప తవ్వేవాళ్ళనూ, గారి వేయించేవాళ్ళనూ, ముద్ద దంచేవాళ్ళనూ, సంతలో కొనేవాళ్ళనూ అడిగారు. ఆడవాళ్ళ మాట, మగవాళ్ళ మాట విడివిడిగా రాసుకున్నారు. వాళ్ళ చేతే నాటు రకాన్నీ కొత్త రకాన్నీ పక్కపక్కన వండించారు. తినిపించి, పులుపు తక్కువైందా, సరిపోయిందా, ఎక్కువైందా అని అడిగారు. తరవాత "సాగుతుంది", "చేతికి అంటుకోదు" లాంటి మాటలను యంత్రాలు కొలిచే అంకెలుగా మార్చడానికి ప్రయత్నించారు. ఆ అంకెలు చూసి విత్తనాలు ఎంపిక చేసేవాళ్ళు మొదట్లోనే ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవచ్చని.

మంచి పనే. ఇబదాన్ సంస్థ పుట్టిన యాభై ఏళ్ళకు జరిగిన మంచి పని. అవ్వ ఒక్క ముద్ద తిని "ఇది కాదు" అని చెప్పే మాట వినడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఆలస్యం అయితే అయింది, మెచ్చుకుందాం. కానీ మెచ్చుకుంటూనే రెండు సంగతులు అడగాలి.

ఒకటి, ఎవరి నాలుక? దుంప తినే మనిషీ, దుంప వండే మనిషీ, దుంప అమ్మే మనిషీ ఒక్కరే కాదు. పట్నంలో గారి కొనేవాడికి తెల్లటి రవ్వ కావాలి. ఊళ్ళో గంపలకొద్దీ దుంప చెక్కు తీసే ఆడమనిషికి వంకరటింకర లేని దుంప కావాలి, చెక్కు తేలిగ్గా ఊడాలి, పిండితే ఎక్కువ నీరు పోయి తక్కువ గారి మిగలకూడదు. స్టార్చి ఫ్యాక్టరీకి వీటితో పని లేదు. రుచి లెక్కలోకి వచ్చినప్పుడు డబ్బున్నవాడి రుచే గెలిచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మన దగ్గర చూడండి. రంపచోడవరం వైపు ఏజెన్సీలో పండే కర్ర పెండలం మైదానంలో సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది. మిల్లు నాలుకకు తెలిసిన రుచి ఒకటే, పిండి శాతం. ఆ దుంప ఉడికిస్తే ఎలా ఉంటుందని అక్కడ ఎవరూ అడగరు. పండించినవాడి ఇంట్లో అది వంట కూడా కాదు, లారీ ఎక్కే సరుకు.

రెండు, చెప్పినవాళ్ళకు ఏం మిగులుతుంది? అవ్వ చెప్పిన మాట అంకె అయ్యాక, ఆ అంకెతో తయారైన విత్తనం సంస్థ పేరుతో వస్తుంది. అవ్వ పేరు ఎక్కడా ఉండదు. ఆమె పెట్టుకున్న పేర్లు, ఈ పులుపుకో పేరు, ఆ జిగురుకో పేరు, ఆమె భాషలోనే ఉండిపోతాయి. భాష పోతే అవీ పోతాయి. మన సంగతీ అంతే. దుంపల్లో మన పెద్దవాళ్ళు ఎన్ని రకాలు చెప్పగలరో, ఏది ఏ నెలలో తవ్వాలో, ఏది కాల్చాలో ఏది ఉడికించాలో చెప్పడానికి వాళ్ళ దగ్గర ఎన్ని మాటలున్నాయో మనలో ఎవరం రాసుకున్నాం? పాడేరు వైపు సంతల్లో నాగలి దుంపలు కుప్పలు పోసి అమ్ముతారు. కొనే ముసలమ్మ దుంపను గోటితో గీరి చూస్తుంది. ఆమె ఏం చూస్తోందో పక్కన నిలబడ్డ డిగ్రీ మనవడికి తెలియదు. తెలుగులో "పెండలం" అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు మొక్కల్ని పిలుస్తాం, "కర్ర" అని ముందు తగిలిస్తే ఒకటి, తగిలించకపోతే ఇంకొకటి. కువిలో, కోయలో అలా కలిపేయరేమో, మీ ఇంట్లో అడిగి చూడండి.

యువకులకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. రుచి కొండరాయిలా కదలకుండా ఉండేది కాదు. నైజీరియాలో ఇవాళ ఇండోమీ నూడుల్స్ తినని పిల్లలు తక్కువ. పండుగ వస్తే బియ్యమే గొప్ప. కర్ర పెండలాన్ని తెల్లదొరల కాలంలో కరువు పంట అన్నారు, సోమరివాడి పంట అన్నారు. ఆ మాటలు విన్న పిల్లలు పెద్దవాళ్ళై పట్నం వెళ్ళాక ఇంటికొచ్చిన చుట్టానికి గారి పెట్టడానికి మొహమాటపడ్డారంటే ఆశ్చర్యం ఏముంది? సిగ్గు నాలుకను మారుస్తుంది. మన హాస్టల్ పిల్లలు సెలవులకు ఇంటికెళ్ళి చోడి అంబలి చూసి మొహం తిప్పుకుంటే నాలుక తిప్పుకుందని అనుకోకండి. "దుంపలేగా" అన్న మాట లోపల పనిచేస్తోంది. నూడుల్స్ తినొద్దని నేను చెప్పడం లేదు. నాకూ పకోడీ ఇష్టమే. మొహం తిప్పుకునే ముందు ఆ సిగ్గు ఎవరు నేర్పారో చూసుకోమంటున్నాను.

ఇగ్బోవాళ్ళు కొత్త పెండలం పండుగ చేస్తారు. ఆ పండుగలో దేవతలకూ పెద్దలకూ పెట్టేదాకా ఎవరూ కొత్త దుంప ముట్టరు. చినువా అచెబె 1958లో అచ్చయిన తన మొదటి నవలలో ఆ పండుగను రాశాడు. మనకూ సామ కొత్త ఉంది, చిక్కుడు కొత్త ఉంది. పండుగ ముందు ఆ గింజ నోట్లో పెట్టం. కొత్త పంట ఎలా ఉందో ఊరంతా ఒకే రోజు రుచి చూసి చెప్పుకునే సభ అది. అంతమంది ఒకేసారి తిని తీర్పు చెప్పే ఏర్పాటు ఏ ప్రయోగశాలలో ఉంది?

మన ఊళ్ళకు విత్తనాలు వస్తూనే ఉంటాయి, ఇంకా వస్తాయి. చోడిలో కొత్త రకం, సామలో కొత్త రకం, రేపు దుంపల్లోనూ కొత్త రకం. తెచ్చినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. గ్రామసభలో చదువుకున్న పిల్లలు లేచి నిలబడి ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళని అడుగుతారు, అది అడగాల్సిందే. దాంతోపాటు దీన్ని ఎవరు వండారు, ఎక్కడ తిన్నారు, అంబలి కాస్తే పులిసిందా, మర్నాటికి నిలిచిందా, దంచితే ఎంత తవుడు పోయిందని కూడా అడగండి. జవాబు లేకపోతే ఊళ్ళో ఇద్దరు అవ్వలకు రెండు కుంచాలు ఇమ్మనండి. మన రకం ఒక కుండలో, వాళ్ళ రకం ఒక కుండలో, ఒకే రోజు, ఒకే కట్టెల మీద వండిస్తారు. తిన్నాక అవ్వలు ఏమన్నారో వాళ్ళ భాషలోనే రాసి, తెచ్చిన అధికారి చేత సంతకం పెట్టించుకోండి.